ఎర్రుపాలేనికి వచ్చిన మర్యమియా

పోయిన చలికాలం మా ఖాలా కొడుకు జిద్దా నుంచి సెలవు మీద వచ్చాడు. అందరిలాగే ఖజూర్, జమ్‌జమ్ నీళ్లు, అమ్మీకి ఒక జానమాజ్ తెచ్చాడు. వాటితో పాటు ఒక ప్లాస్టిక్ పొట్లం. లోపల బూడిదరంగు కలిసిన ఎండుటాకులు, ముట్టుకుంటే మఖ్మల్ గుడ్డలా ఉన్నాయి.

"భాయ్, ఇది మర్యమియా. అక్కడ ఫలస్తీనీలు చాయ్‌లో వేసుకుని తాగుతారు. యాదాష్త్‌కు దీన్ని మించింది లేదంట. ఖాలాకు రెండు పూటలా కాచి ఇవ్వండి" అన్నాడు. ఫోన్లో ఒక ఉర్దూ వీడియో కూడా చూపించాడు. అందులో ఒక పెద్దమనిషి ఈ ఆకు గొప్పతనం చెప్పి, చివర్లో అంగ్రేజీ గోళీలు పారేయమంటున్నాడు.

అమ్మీకి డెబ్బై దాటాయి. రెండేళ్లుగా మరుపు. మొదట తాళంచెవులు మరిచేది. తర్వాత మా పేర్లు ఒకరివొకరికి పెట్టింది. ఇప్పుడు జొహర్ చదివి లేచిన పది నిమిషాలకే మళ్లీ వుజూకు నీళ్లడుగుతుంది. డాక్టర్ రాసిన డోనెపెజిల్ మాత్ర రోజూ రాత్రి వేస్తున్నాం. అది వేసుకుంటే కడుపులో తిప్పుతోందని అమ్మీ గొడవ. "ఆ గోళీ ఆపేసి ఈ ఆకు ఇద్దాంరా. ఆకుకు సైడ్ ఎఫెక్ట్ ఉండదు కదా" అంది బాజీ. పత్రికలో పనిచేసేవాణ్ని కదా, అందరూ నా వైపు చూశారు.

ఈలోగా అమ్మీ పొట్లం అందుకుని వాసన చూసింది. "ఇది జిందా తిలిస్మాత్ వాసన కదరా" అంది. మేమంతా నవ్వాం. పాపం, మరుపులో ఏదో అంటోంది అనుకున్నాం. ఆ తర్వాత కొన్ని వారాలు నేను పుస్తకాలు తిరగేశాను. అమ్మీ చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు తెలిసింది. నవ్వినందుకు సిగ్గేసింది. ఆ చదువులో దొరికినదే ఈ రాత.

మర్యమియా ఎవరి చుట్టం?

మర్యమియాను ఇంగ్లీషులో సేజ్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాల్వియా. బాగుచేయడం, కాపాడడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం) పేరు మీద అరబ్బులు దీన్ని మర్యమియా అన్నారు. దాని వెనక అక్కడి జనం చెప్పుకునే కథలున్నాయి. అవి కథలే, హదీసులు కావు.

ఇది మన నేల మొక్క కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ, రాళ్ల కొండల మీద పెరుగుతుంది. కానీ దాని ఖాందాన్ మన ఇళ్లలోనే ఉంది. తులసి, పుదీనా, దగ్గుకు పిల్లలకిచ్చే వామాకు, అన్నీ ఒకే కుటుంబం. రంజాన్‌లో ఇఫ్తార్ షర్బత్‌లో నానబెట్టే సబ్జా గింజలు కూడా ఆ కుటుంబానివే. హకీములు వాటిని తుఖ్మె రైహాన్ అంటారు. సూరె రహ్మాన్‌లో వచ్చే రైహాన్‌ను చాలామంది ఈ సువాసన మొక్కలతోనే పోలుస్తారు. ఈమధ్య సూపర్ మార్కెట్లలో అమ్ముతున్న చియా గింజలైతే ఏకంగా సాల్వియాలే, మర్యమియాకు సొంత అక్కాచెల్లెళ్లు.

యునానీ దవాఖానా గడప తొక్కినవాళ్లకు ఇంకో ఇద్దరు చుట్టాలు తెలిసే ఉంటారు. ఒకటి బెహ్మన్ సుర్ఖ్. అనేక ఖమీరాలు, మాజూన్‌లలో గుండె బలానికి కలిపే ఈ ఎర్ర వేరు సాల్వియా జాతిదే. రెండోది ఉస్తుఖుద్దూస్. నిస్యాన్‌కు, అంటే మరుపు జబ్బుకు, హకీములు ముందుగా తలచుకునేది దీన్నే. దీన్ని జారూబె దిమాగ్ అన్నారు, మెదడును ఊడ్చే చీపురు అని. ఇది లావెండర్ జాతి, మర్యమియా కుటుంబమే. అంటే జిద్దా నుంచి పొట్లం రాకముందే, ఈ కుటుంబపు ఆకులు మన మరుపుల మీద వందల ఏళ్లుగా పనిచేస్తున్నాయన్నమాట.

గ్రీకు నుంచి బగ్దాద్‌కు, బగ్దాద్ నుంచి దక్కన్‌కు

మన తిబ్‌ను యునానీ అంటాం. యునాన్ అంటే గ్రీకు దేశం. పేరులోనే దాని చరిత్ర ఉంది.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డయోస్కొరిడీస్ అనే వైద్యుడుండేవాడు. ఇప్పటి తుర్కియెలోని అనజార్బస్ ఆయన ఊరు. వందలాది మందుమొక్కల గురించి గ్రీకులో పెద్ద కితాబు రాశాడు. అందులో మర్యమియా ఉంది. మూత్రం జారీ కావడానికి, గాయం నెత్తురు ఆగడానికి, జుట్టు నల్లబడడానికి పనికొస్తుందని రాశాడు.

9వ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల బగ్దాద్‌లో, ఇస్తిఫాన్ ఇబ్న్ బాసిల్ ఆ కితాబును అరబ్బీలోకి తర్జుమా చేశాడు. ఆ కాలపు తర్జుమాకారుల ఉస్తాద్ హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ దాన్ని దిద్దాడు. ఇద్దరూ క్రైస్తవులే. ఇస్తిఫాన్ చేసిన ఒక పని నాకెంతో నచ్చింది. అరబ్బీ పేరు తెలిసిన మొక్కకు అరబ్బీ పేరు పెట్టాడు. తెలియని చోట ఊహించి రాయలేదు, గ్రీకు పేరునే అలాగే ఉంచాడు. తన తర్వాత తెలిసినవాణ్ని ఎవరినైనా అల్లాహ్ పంపిస్తాడన్న ఆశతో వదిలేశాడని స్పెయిన్ వైద్యుడు ఇబ్న్ జుల్జుల్ రాశాడు.

ఆ తెలిసినవాళ్లు వచ్చారు కూడా. 10వ శతాబ్దంలో కుస్తుంతునియా చక్రవర్తి అదే కితాబు గ్రీకు ప్రతిని కుర్తుబా ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్‌కు కానుకగా పంపాడు. కుర్తుబాలో గ్రీకు చదివేవాళ్లు లేరు. ఖలీఫా అడిగితే నికొలస్ అనే సన్యాసి 951లో వచ్చాడు. ఆ సన్యాసి, యూదు వైద్యుడు హస్దాయ్, ముస్లిం హకీములు కలిసి కూర్చుని ఇస్తిఫాన్ ఖాళీ వదిలిన పేర్లను పూరించారు. ఆ తర్వాత మాలగా ప్రాంతంలో పుట్టిన ఇబ్న్ బైతార్ దేశదేశాలు తిరిగి, మొక్కల్ని స్వయంగా చూసి, మరింత పెద్ద కితాబు రాసి, 1248లో దమిష్క్‌లో కన్నుమూశాడు.

ఈ ఇల్మే ఇరాన్ మీదుగా దక్కన్‌కు వచ్చింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో హైదరాబాద్‌లో దారుష్షిఫా కట్టించాడు. ఆ పేటకు ఇప్పటికీ అదే పేరు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1938లో, చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖానా భవనం లేచింది. నేటికీ అక్కడ ఇలాజ్ జరుగుతోంది.

మా ఎర్రుపాలెం ఆ నిజాం రాజ్యానికి దాదాపు చివరి అంచు. 1889లో బెజవాడ దాకా వేసిన నిజాం రైలు పట్టాల మీద, సరిహద్దు దగ్గరి స్టేషన్లలో ఇదొకటి. అటు పోతే కొండపల్లి, ఇంగ్లీషు దొరల ఇలాఖా. పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఇటు ఖమ్మం, అటు బెజవాడ, రెండింటికీ రైలే. జ్వరం, జలుబు, కడుపునొప్పి లాంటివాటికి మాత్రం ఇంట్లో ఒక చిన్న సీసా ఉండేది.

ఆ సీసా వాసన

1920లో హైదరాబాద్‌లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన మందు జిందా తిలిస్మాత్. అందులో ముఖ్యమైనది నీలగిరి తైలం. దానికి కాఫూర్, సత్ పుదీనా, సత్ అజ్వాయిన్, రంగుకు రతన్‌జోత్ కలుస్తాయి. నీలగిరి తైలానికి ఆ ఘాటు ఇచ్చే పదార్థం పేరు సినియోల్.

ఇప్పుడు మర్యమియా దగ్గరికి రండి. ఆ ఆకును నలిపితే వచ్చే తైలంలో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. ఒకటి సినియోల్, రెండోది కాఫూర్, అంటే కర్పూరం, మూడోది థుజోన్. మొదటి రెండూ ఆ సీసాలో ఉన్నవే. పేర్లు మరిచిన మా అమ్మీ ముక్కు, యంత్రాలతో శాస్త్రజ్ఞులు పట్టుకున్న సంగతినే ఒక్క పీల్పులో పట్టేసింది.

ఇంకో సంగతీ ఉంది. ఫలస్తీన్ వైపు చాయ్‌లో వేసుకునేది సాధారణంగా సాల్వియా ఫ్రూటికోసా అనే రకం. యూరప్ మందుల షాపుల్లో వాడేది, పరిశోధనల్లో ఎక్కువగా వచ్చేది సాల్వియా అఫిసినాలిస్. మొదటి రకంలో సినియోల్ ఎక్కువ, థుజోన్ తక్కువ. రెండో రకం తైలంలో థుజోన్ మోతాదు చాలా ఎక్కువగా ఉండొచ్చు. పొట్లం మీద రెండింటికీ మర్యమియా అనే పేరే ఉంటుంది. ఇస్తిఫాన్ పేర్ల దగ్గర ఎందుకంత జాగ్రత్త పడ్డాడో నాకప్పుడు అర్థమైంది.

సినియోల్ కోసం జిద్దా దాకా పోనక్కర్లేదు కూడా. సారపాకలో భద్రాచలం కాగితం మిల్లు 1979లో మొదలయ్యాక, దాని కోసం మా జిల్లా రైతులు జామాయిల్ తోటలు వేశారు. జామాయిల్ అంటే నీలగిరి చెట్టే. మందుకు నూనె తీసే నీలగిరి రకం వేరు, కాగితానికి పెంచే రకం వేరు. సినియోల్ ఒకదాంట్లో ఎక్కువ, మరోదాంట్లో తక్కువ. కానీ వాన పడ్డాక జామాయిల్ తోట పక్కన నిలబడితే ముక్కుకు తగిలేది అదే.

ఆకులో ఆవిరి కాని పదార్థాలు కూడా ఉన్నాయి. రోజ్‌మరినిక్ యాసిడ్ వాటిలో ఒకటి. ఇటలీ శాస్త్రజ్ఞులు 1958లో దీన్ని రోజ్‌మరీ మొక్క నుంచి వేరుచేశారు. తులసిలోనూ ఉంటుంది. వాపును, కణాల తుప్పును తగ్గించే గుణం దీనికుందని ప్రయోగశాలల్లో చూశారు. కార్నోసిక్ యాసిడ్ ఇంకొకటి. నూనె పదార్థాలు కంపు పట్టకుండా ఆపే శక్తి దీనికుంది. అందుకే ఇది ఉన్న రోజ్‌మరీ సారాన్ని తిండి పదార్థాలు నిలవ ఉండడానికి వాడుతున్నారు.

యాదాష్త్ సంగతి

మరి మరుపు మాటేమిటి? వీడియో పెద్దమనిషిది పూర్తి అబద్ధమా? కాదు. అక్కడే చిక్కు.

మెదడులో ఒక కణం మాట ఇంకో కణానికి చేరవేసే పదార్థాల్లో ఎసిటైల్‌కొలీన్ ఒకటి. ఆల్జీమర్స్ మర్జ్‌లో అది తగ్గిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను అడ్డుకుంటే, ఉన్న కాస్తా ఎక్కువసేపు పనిచేస్తుంది. అమ్మీ వేసుకునే డోనెపెజిల్ చేసే పని అదే. అది మర్జ్‌ను పోగొట్టదు, కొంతకాలం కాస్త ఊతమిస్తుంది. మర్యమియా తైలంలోని సినియోల్ వంటి పదార్థాలు కూడా అదే ఎంజైమ్‌ను కొంతవరకు అడ్డుకుంటాయని గాజు గొట్టాల్లో తేలింది.

జ్ఞాపకశక్తికి సేజ్ మంచిదని ఇంగ్లండులో జాన్ జెరార్డ్ 1597లోనే తన మొక్కల పుస్తకంలో రాశాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత, 2003లో, తెహ్రాన్‌లో అఖోండ్‌జాదె బృందం దాన్ని పరీక్షించింది. ఆల్జీమర్స్ మరీ ముదరని వృద్ధుల్లో కొందరికి రోజుకు 60 చుక్కల సేజ్ సారం, మిగతావాళ్లకు మందులేని ఉత్త చుక్కలు, నాలుగు నెలలపాటు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. సారం తాగినవాళ్లు జ్ఞాపక పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. 2008లో ఇంగ్లండులో 65 దాటిన 20 మంది ఆరోగ్యవంతుల మీద ఇంకో పరీక్ష జరిగింది. అందులో 333 మిల్లీగ్రాముల మోతాదు అన్నిటికంటే బాగా పనిచేసింది. దాన్ని రెట్టింపు చేసినా, నాలుగింతలు చేసినా అంత ఫాయిదా రాలేదు.

వినడానికి బాగుంది. కానీ ఇవి చిన్న పరీక్షలు. ఒకటి నాలుగు నెలలది, ఇంకోటి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద ఒక్కో మోతాదు ఇచ్చి చూసింది. ఇచ్చింది కొలిచి తీసిన సారం, చాయ్‌లో వేసిన గుప్పెడు ఆకు కాదు. గోళీ ఆపేసి ఆకు ఇచ్చి చూసిన పరీక్షలు కావివి. యూరప్ మందుల ఏజెన్సీ సేజ్ ఆకును పాతకాలపు వాడుకను బట్టి గుర్తించింది. అతిచెమట, కొద్దిపాటి అజీర్తి, గొంతు, నోటి పూతల వంటివాటికి. ఆ జాబితాలో మరుపు లేదు.

ఆకు నుంచి గోళీ దాకా

"గోళీ అంగ్రేజీ, ఆకు మనది" అని బాజీ అంది. ఈ మాటకు జవాబు మన హకీముల చరిత్రలోనే దొరికింది.

ఢిల్లీ హకీం అజ్మల్‌ఖాన్ పేరు మీరు విన్నారు. ఆయన కట్టించిన తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. అక్కడ పాత నుస్ఖాలు చెప్పడం ఒక్కటే చాలదని హకీం సాబ్ అనుకున్నారు. మన జడీబూటీల్లో ఏ పదార్థం పనిచేస్తోందో తేల్చాలని, జర్మనీలో రసాయనశాస్త్రం చదివిన సలీముజ్జమా సిద్దీఖీకి ఆ పని అప్పగించారు. 1927లో హకీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. సిద్దీఖీ పని ఆపలేదు. పిచ్చికీ, నిద్రలేమికీ హకీములు, వైద్యులు వాడే సర్పగంధ వేరు నుంచి 1931లో ఒక పదార్థాన్ని వేరుచేశారు. తన ఉస్తాద్ పేరు మీద దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయలోని ఒక దాగిన జబ్బును బయటపెట్టే పరీక్షలో డాక్టర్లు ఇప్పటికీ దాన్ని వాడతారు.

అదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పీన్ తీశారు. బీపీకి అది చాలా ఏళ్లు పెద్ద మందు. దానితో కొందరికి తీవ్రమైన దిగులు పట్టుకుందని కూడా తెలిసింది. వేరు నుంచి వచ్చిందే కదా, మరి సైడ్ ఎఫెక్ట్ ఎక్కడి నుంచి వచ్చింది? పనిచేసే ప్రతి పదార్థానికీ తాసీర్ ఉంటుంది. తాసీర్ ఉన్నచోట నుఖ్సాన్ కూడా ఉండొచ్చు. మరుపుకు ఇచ్చే ఇంకో గోళీ గెలాంటమీన్ మొదట స్నోడ్రాప్ అనే పూలమొక్క దుంపల నుంచి వచ్చిందే. గోళీ, ఆకు శత్రువులేమీ కాదు. గోళీలో మోతాదు తెలుసు, ఆకులో తెలియదు. తేడా అదే.

మర్యమియాకూ ఆ రెండో ముఖం ఉంది. తైలంలోని థుజోన్ మెదడుకు బ్రేకులా పనిచేసే గాబా అనే వ్యవస్థను అడ్డుకుంటుంది. మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి. సేజ్ తైలం తాగి ఫిట్స్ వచ్చిన పెద్దలు, పసిపిల్లలు వైద్య పత్రికలకెక్కారు. అందుకే రోజుకు 6 మిల్లీగ్రాముల థుజోన్ దాటకూడదని యూరప్ ఏజెన్సీ హద్దు పెట్టింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దంది. ఫిట్స్ ఉన్నవాళ్లు, షుగర్ గోళీలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని రోజూ తాగడం మంచిది కాదు. సీసాల్లో అమ్మే సేజ్ నూనెనైతే ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

ఇబ్న్ సీనా షరతులు

చివరికి నేను ఇబ్న్ సీనా దగ్గరికి చేరాను. ఆయన 1037లో పోయారు. అల్‌ఖానూన్ రెండో కితాబులో, ఒక దవా పనిచేస్తుందో లేదో తజుర్బాతో ఎలా తేల్చాలో షరతులు పెట్టారు. దవాలో వేరే గుణం కలవకూడదు. ఒకేసారి పది జబ్బులున్న మనిషి మీద కాక, ఒక్క మర్జ్ ఉన్న మనిషి మీద చూడాలి. విరుద్ధమైన మర్జ్‌ల మీద కూడా చూసి పోల్చాలి. ఎంతసేపటికి పనిచేసిందో గమనించాలి. ఒకసారి కాదు, మళ్లీమళ్లీ అదే ఫలితం రావాలి. చివరిగా, మనిషి మీదే చూడాలి. సింహం మీదో గుర్రం మీదో పనిచేసిన దవా మనిషికి పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు.

వెయ్యేళ్ల కిందటి ఆ షరతులతో ఫోన్లో వచ్చిన వీడియోను తూచి చూడండి. ఒక్కదానికీ నిలబడదు. ప్రతి మర్జ్‌కూ దవా ఉందన్న హదీసు మనందరికీ తెలుసు. ఆ దవా ఏదో వెతకడం, పరీక్షించడం మన మీదే ఉంది. బుజుర్గులు మనకు అప్పగించిన అమానత్ ఆకుల జాబితా ఒక్కటే అనుకుంటే పొరపాటు. తెలియని చోట ఖాళీ వదిలిన ఇస్తిఫాన్ నిజాయితీ, ఇబ్న్ సీనా తజుర్బా, ప్రయోగశాల తలుపు తెరిచిన అజ్మల్‌ఖాన్ ధైర్యం కూడా ఆ అమానత్‌లోవే.

పొట్లం తీసుకుని అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కోప్పడలేదు. పొట్లం విప్పి వాసన చూశారు. కడుపులో తిప్పడానికి గోళీ మోతాదు తగ్గించి, అన్నం తిన్నాక వేయమన్నారు. పది రోజుల్లో ఆ బాధ తగ్గింది. చెప్పకుండా ఆపేస్తే అమ్మీ ఇంకా జారిపోవచ్చని బాజీకి అర్థమయ్యేలా చెప్పారు. ఆకు మాటకొస్తే, వారానికి ఒకటి రెండుసార్లు చిటికెడు వేసి పల్చటి చాయ్ తాగితే ఫరవాలేదన్నారు. దవాగా కాదు, చాయ్‌గా. మీ ఇంట్లోనూ ఇలాంటి పొట్లం ఉంటే, గోళీని ముట్టుకునే ముందు దాన్ని పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. దాచి వాడకండి.

పొట్లం ఇప్పుడు మా అల్మారాలో జిందా తిలిస్మాత్ సీసా పక్కన ఉంది. జుమా నాడు అసర్ తర్వాత బాజీ ఆ చాయ్ పెడుతుంది. అమ్మీ గ్లాసు అందుకుని వాసన చూసి, ఇది జిందా తిలిస్మాత్ కదరా అంటుంది. పోయిన జుమాకు అన్నది ఆమెకు గుర్తుండదు.

"అవునమ్మీ, అదే" అంటాను. ఇప్పుడు ఎవరం నవ్వడం లేదు.